పించను ఆపేస్తారన్నాను
అరవైల మొదట్లో, గుంటూరు నుంచి మాచర్ల వెళ్లే రైల్లో, బండి కాస్త దూరం పోయాక ఎదుటి బల్ల మీది మనిషి నన్ను పలకరించాడు. పటాలంలో కుడిచెయ్యి మోచేతి దాకా పోగొట్టుకుని వచ్చినవాడు. నేను ట్రెజరీలో గుమాస్తానని అప్పటికే పక్కవాళ్లకు గొప్పగా చెప్పుకుని ఉన్నాను.

“బాబూ, గురజాల మిషన్ బడిలో గంట కొట్టే పని ఇస్తామన్నారు. చేరడానికే పోతన్నా. పనిలో చేరితే గాయం పించను ఆపేస్తారని మా ఊళ్లో అంటన్నారు. నిజమేనా?”

నాకు తెలియదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. పెట్టెలో అందరూ నావంకే చూస్తున్నారు. తెలియదనడానికి నామోషీ అనిపించి, “ఆపేస్తారు” అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. “చానా మేలు చేశారు బాబూ. ఇంటిల్లిపాదిమీ దాని మీదే బతకతన్నాం,” అని ఎడమచేత్తో నాకు దణ్ణం పెట్టి, తర్వాతి స్టేషన్లోనే దిగిపోయాడు.

మర్నాడు ఆఫీసులో హెడ్ గుమాస్తాగారిని అడిగాను. “గాయానికిచ్చే పించనయ్యా అది. పని చేసుకుంటే ఎందుకాపుతారు?” అన్నారు.

రైల్లో ఆ మనిషి పేరైనా నేను అడగలేదు. పై వారం సెలవు పెట్టి గురజాల వెళ్లి, పించను పోతుందనుకుని ఆయన దారిలోనే దిగి వెనక్కి పోయాడని ఆ బడి హెడ్మాస్టరుగారికి చెప్పాను.

“అయ్యో, రాలేదని నిన్ననే వేరే మనిషిని పెట్టుకున్నామండీ. పించను పోదని కబురన్నా పంపిస్తాను. ఇంతకీ ఆ మాట ఆయనకెవరు చెప్పారు?”

“ఎవరో రైల్లో చెప్పారటండీ,” అన్నాను.

ఆ ఎవరో నేనేనని ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.