బియ్యపు సేమ్యాలు

నా పెద్దబిడ్డకు గోధుమ పడేది కాదు. పడదని తెలియడానికే మాకు నాలుగేళ్లు పట్టింది. రోజూ తినేది జొన్న రొట్టె కాబట్టి పిల్ల హాయిగానే ఉండేది. పండక్కి గోధుమపిండితో పోలెలు చేస్తేనో, రంజాన్‌కు పక్కింటి నుంచి సేమ్యాలు వస్తేనో మాత్రం కడుపు డప్పులా ఉబ్బేది. ఇక చెంబు పట్టుకుని పరుగులే. అత్త దిష్టి తీసేది. చివరికి మందులిచ్చే ముసలాయన ఒకాయన "గోధుమ బంద్ చెయ్యుండ్రి" అన్నాడు. షావుకార్లు తినే తిండి నా బిడ్డకు పడకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

అప్పుడు మేము మంచిర్యాలలో, స్టేషను వెనక గల్లీలో ఉండేవాళ్లం. ఆంధ్రప్రదేశ్ అయి రెండేళ్లో, మూడేళ్లో. నేను బీడీలు చేసేదాన్ని. ఆకు తేవడానికి కార్ఖానాకు పోతే పిల్లను చూసుకునేది పక్కింటి ఖాలా. ఖాలా అంటే పిన్ని; ఇంటిల్లిపాదీ ఆమెను అట్లాగే పిలిచేవాళ్లం.

ఆ ఏడు రంజాన్ ముందు ఖాలా గోడ మీదుగా తల పెట్టి, "బిడ్డకు గోధుమ పడదంటివి గదా! బియ్యం పిండితోని చేస్త. గీసారి మన పోరి గూడ అందరితోని తింటది" అంది. అన్నట్టే పిండి ఉడికించి, మురుకుల గొట్టంలో ఒత్తి, మంచం మీద ఆరేసింది. పండగనాడు పాలల్లో వండి, పిల్లకని వేరే గిన్నెలో తెచ్చింది. పిల్ల రెండు గిన్నెలు తిని వేళ్లు నాకింది.

మధ్యాహ్నానికి మళ్లీ అదే డప్పు, అదే చెంబు.

అత్త లేచింది. "గోధుమ లేదంటిరి, మరి ఏమున్నది? గా ఇంటి తిండే పడుతలేదు దానికి. ఇంకొక్కసారి గిట్లయితే పిల్ల గా గడప తొక్కద్దు, చెప్తున్న!"

అత్త అన్నదంటే అన్నదే. పిల్లను ఖాలా దగ్గర వదలకపోతే నా బీడీల పని ఆగుతుంది. అంతకంటే, రోజూ గోడవతల కనబడే ఆ మనిషి మొహం ఎట్లా చూడాలి?

పోయి అడిగాను.

"ఖాలా, దాంట్ల ఏమన్న కలిపినవా?"

"ఏం కలుపుతనే? ఇసమా? బియ్యం, ఉప్పు, నీళ్లు. అల్లా కసం!" తర్వాత మెల్లగా, "మంచం మీద ఆరేసేటప్పుడు అంటుకోకుంట జర పిండి చల్లిన" అంది.

"ఏం పిండి?"

"గోధుమ పిండే. చల్లిన గంతే, కలుపలే!"

అంటూనే ఖాలా నెత్తి కొట్టుకుంది. నాకు మాత్రం తెగలేదు. చిటికెడు పిండి అంత పని చేస్తుందా? మా ఇంట్లో పాలు ముట్టని పిల్ల ఆనాడు గిన్నెల కొద్దీ పాలు తాగింది. పాలదేమో. పరగడుపున రెండు గిన్నెలు తింటే ఎవరికైనా నొస్తుంది. అదేమో.

బక్రీదుకు ఖాలా మళ్లీ చేసింది. ఈసారి ఉతికిన ధోవతి పరిచి, ఏ పిండీ చల్లకుండా ఆరేసింది. పాలల్లో సగం నీళ్లు పోసింది. అత్త వక్క నములుతూ గడపలో కూర్చుని చూస్తూనే ఉంది. పిల్లకు ఒక్క గిన్నే పెట్టాను.

కాసేపటికి పిల్ల మూలకు పోయి, లంగా ముడి కింద అరచెయ్యి పెట్టి నిలబడింది.

"ఏమైందే? నొస్తుందా?"

"లేదవ్వా. నాడ బిగ్గర కట్టినవ్."

ముడి వదులు చేసి కడుపు తడిమాను. ఉబ్బిందా, నిండిందా? చేతికి తెలియలేదు. పిల్ల నా చెవి దగ్గర నోరు పెట్టి, "అవ్వా, రేపు ఖాలా ఇంటికి పోత గద?" అంది.

"ఏమైందటనే దానికి?" అత్త కేకేసింది.

"నాడ బిగిసిందట, అత్తా."

అత్త నమలడం ఆపి నన్ను చూసింది, పిల్లను చూసింది. మళ్లీ నమిలింది.

పొద్దుగూకేలోపు పిల్ల చెంబు పట్టుకుని ఒక్కసారి పోయింది. ఒక్కసారైతే అందరూ పోతారు. ఇన్నేళ్లకు ఇప్పుడు అడిగినా నా బిడ్డ నాడ బిగిసిందనే అంటుంది.

తెల్లారి బీడీల గంప ఎత్తుకుని, పిల్లను ఖాలా గడపలో దింపి కార్ఖానాకు పోయాను.