మూసిన తలుపు వెనక జవాబు

“ఇంట్ల లేవు గదా, మరి ‘వస్తున్న నానమ్మా’ అని జవాబెట్ల ఇచ్చినవ్?”

“నేనియ్యలే. స్క్రిప్ట్ ఇచ్చింది.”

“అదెవరు?”

“ఎవరు కాదు. నేను రాసుకున్న చిన్న ప్రోగ్రామ్. నువ్వు తిండి ముచ్చట పెడితే ‘వస్తున్న’ అంటది, వేరే ఏమన్న పెడితే ‘సరే నానమ్మా’ అంటది. మీటింగ్ నడుమ నాకు టైప్ చెయ్యరాదు. జవాబు రాకుంటే నువ్వు పరేషాన్ అయితవని పెట్టిన.”

“అంటే ఇన్ని దినాలు నేను గోడతోని మాట్లాడిన్నా?”

“గోడ జవాబియ్యదు గదా” అంది నా మనవరాలు. నవ్వించబోయింది. నేను నవ్వలేదు.

అన్నానికి రమ్మని నేను మెసేజ్ పెట్టడం, వస్తున్నానని గదిలోంచి జవాబు రావడం, ఆ వెంటనే పిల్ల వీధి గేటు తీసుకుని చేతిలో కొత్త చార్జరు వైరుతో రెజిమెంటల్ బజార్ నుంచి దిగడం, అన్నీ ఒక్కసారే జరిగాయి. పోయిన వానాకాలం నాటి మాట ఇది. ఈ వేళ ఫోను నిండిపోయిందంటే పాత మెసేజ్‌లు తీసేద్దామని కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాను. ఆ జవాబులన్నీ వరసగా కనబడ్డాయి. అందులో పిల్ల రాసినవేవో, రాయనివేవో తెలియదు. అందుకని ఒక్కటీ తీసేయలేకపోయాను.

ఉద్యోగం రాగానే హాస్టల్‌లో ఉంటానంటే నేనే వద్దన్నాను. బన్సీలాల్‌పేట్‌లో నా ఇంట్లో గది ఖాళీగా పడి ఉండగా పరాయివాళ్ళకు కిరాయి కట్టడమేమిటి? వచ్చింది. తలుపు వేసుకుని పొద్దుగూకేదాకా కంప్యూటర్ ముందే. మొదట్లో ఒకరోజు గరిటె పట్టుకునే గదిలోకి వెళ్ళి, తానం చేసినవా లేదా అని గట్టిగా అడిగాను. ఆఫీసు ఆఫీసంతా తెర మీద ఉందట, అందరూ విన్నారట. ఆనాటి నుంచి తలుపు తట్టడం బంద్, మెసేజ్ పెట్టడం షురూ.

పిల్ల పని నాకు పూర్తిగా అంతుపట్టలేదు గానీ ఒకసారి కుదురుగా చెప్పింది. రోజూ చేసే పనే మళ్ళీ మళ్ళీ చేయకుండా నాలుగు వరసలు రాసి దాచుకుంటుందట. ఫైళ్ళ పేర్లు మార్చడానికి ఒకటి, పాత చెత్త ఊడ్చడానికి ఒకటి, సాయంత్రం మేనేజరుకు లెక్క పంపడానికి ఒకటి. నేను జాకెట్లు కుట్టే రోజుల్లో ఖాకీ కాగితం కొలతల ప్రకారం కత్తిరించి మేకుకు తగిలించేదాన్ని. ఒక్కసారి కష్టపడితే ఏళ్ళ తరబడి పనికొచ్చేవి. కాబట్టి నాకు నచ్చింది. టైము దుబారా చేయని పిల్ల అని మా కోడలికి ఫోన్‌లో గొప్పగా కూడా చెప్పుకున్నాను.

నేను చదివింది నాలుగో తరగతే. ఒక్కో అక్షరం వెతికి కూర్చుకోవాలి. అయినా అన్నానికి పిలవడంతో ఆగలేదు. పాలు విరిగాయని, కిటికీ మీద పావురం గుడ్లు పెట్టిందని, మోకాలు పట్టేసిందని రాయడం మొదలుపెట్టాను. ఎదురుపడితే ఇంత మాట్లాడే అలవాటు నాకు లేదు. ‘సరే నానమ్మా’ అని రాగానే ఎవరో విన్నట్టుండేది.

అదంతా గుర్తొచ్చి ఆనాటి గొడవలో నా నోటి నుంచి ఇంకో మాట కూడా బయటపడింది. దాచుకుందామనుకున్న మాట.

“అయితే నాకు కండ్లు తిరుగుతున్నయి, జెర రా అని పెట్టిన దినం?”

పిల్ల నా ఫోను తీసుకుని వేలితో పైకి పైకి జరిపింది. దొరికింది. కింద ‘సరే నానమ్మా’ అని ఉంది. ఆ రోజు నేను వంటింటి గడప పట్టుకుని కూర్చుని, పని తెమిలితే వస్తుందిలే అని ఎదురుచూశాను. తిరుగుడు దానంతటదే తగ్గాక లేచి పొయ్యి కట్టేశాను. తర్వాత అన్నానికి వచ్చినప్పుడు తనూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. చూసి కూడా రాలేదని అనుకున్నాను. అడిగి పిలిపించుకోవడం నాకు చేతకాదు.

“ఆ దినం నేను ఇంట్లనే ఉన్న నానమ్మా” అంది తారీఖు చూసి.

“ఉన్నవ్” అన్నాను.

లోపలికి పోయింది. మీటలు టకటకమన్నాయి. గడపలోకి వచ్చి, “తీసేసిన. ఇగ నుంచి వచ్చేదంత నేను రాసిందే” అంది.

మరునాడు పొద్దున చాయ్ పెట్టి, రమ్మని మెసేజ్ పెట్టాను. జవాబు రాలేదు. తలుపు వెనక ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. చాయ్ మీద మీగడ కట్టింది. పారబోయడం నా వల్ల కాదు, మళ్ళీ వేడి చేశాను. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వీధిలో కూరగాయల బండి వచ్చి వెళ్ళిపోయింది, గడపలోని ఎండ గోడ మీదికి పాకింది. ఆ చాయ్ మరోసారి వేడయ్యాక తలుపు తీసి వచ్చింది. “ఇప్పుడే చూసిన” అంది. నిలబడే తాగింది. చేదెక్కిందని తను అనలేదు. ఎంతసేపైందని నేను అడగలేదు.