దానిమ్మ తోటకు తిరిగిన నీళ్లు

గంగప్ప మామ పగ ఒక్క వానతో మొదలైంది.

గోరంట్లకు పోయే దారిలో మా పొలాల పక్కనే చెత్త యార్డు ఉంది. లోపలికి పోయొచ్చిన టిప్పర్ల టైర్లకు నల్లటి బురద పడుతుంది. గేటు దగ్గర వాటిని కడగాలి. ఆ నీళ్లూ, వాన నీళ్లూ ఒక గుంతలో నిలిచి, మట్టి అడుక్కు దిగాక తేట నీళ్లే బయటికి పోవాలి. కాంట్రాక్టరు మార్కండేయ టైర్లు కడిగించలేదు, గుంతలో పూడిక తీయించలేదు.

మా సీమలో వాన కనబడితే రైతు పార పట్టుకుని పరుగెడతాడు. గట్టుకు మడవ తీసి, రోడ్డు మీద పారే నీళ్లనైనా చేలోకి మళ్లించుకుంటాడు. నిరుడు మామ అదే చేశాడు. తెల్లారి చూస్తే సెనిక్కాయ చేను నిండా నల్ల బురద, ప్లాస్టిక్కు, గాజు పెంకులు. పంట కుళ్లిపోయింది.

అడగబోతే మార్కండేయ నవ్వాడు. "నీళ్లకు దావ ఇచ్చింది నువ్వే కదప్పా. నేను పిల్చినానా?"

మామ కొన్నాళ్లకు పోయి ఆ యార్డులోనే గేటు పనికి చేరాడు. నేను అక్కడికి చెత్త ట్రాక్టరు తోలుతాను. మనసాగక అడిగేశాను.

"వాని కింద పని చేసేదానికి సిగ్గు లేదా మామా?"

"ఉండాది. అందుకే చేరినా."

ఈ ఏడు మళ్లీ సెనిక్కాయ వేశాడు. గుంత పూడి అంచుకు రావడం గేటు దగ్గరి నుంచి కళ్లారా చూశాడు. పూడిక తీయించమని మార్కండేయను అడిగాడు.

"నీ చేని కోసరం నేను జేసీబీ పిలిపించల్లనా?"

"నీ తోట కోసరం పిలిపించుకో అన్నా."

రోడ్డుకు అవతల పల్లంలో మార్కండేయ దానిమ్మ తోట ఉంది. అయినా ఆ మాట అతని తలకెక్కలేదు.

మామ తన మడవ మూసేశాడు. రోడ్డు వైపు గట్టంతా రాళ్లు పేర్చి మోకాలెత్తు లేపాడు. ఆ రాళ్లు తోలింది నేనే, సంతోషంగా తోలాను.

వాన దంచింది. గుంత పొంగింది. నల్ల నీళ్లు మామ గట్టుకు కొట్టుకుని రోడ్డు దాటాయి. అవతల తోట కాపలావాడు నీళ్లు చూసిన సంబరంలో పార తీసుకుని ఉరికాడు. వాడూ ఈ సీమవాడే. మడవ తీసేశాడు. తెల్లారేసరికి తోటంతా నల్ల బురద.

టిప్పర్లు రాల్చిన బురదలోనే మార్కండేయ కారు జారి ఆగిపోయింది. చెప్పులు చేత పట్టుకుని గేటు దగ్గరికి నడిచొచ్చాడు.

"ఏం చేసినావురా గంగప్పా?"

"నేను నా మడవ మూసుకున్నా. నీళ్లకు దావ ఇచ్చింది నీ తోటోడే కదన్నా."

వారం తిరక్కుండా జేసీబీ వచ్చి గుంత తోడేసింది, గేటు దగ్గర టైర్లు కడిగే పైపూ వచ్చింది. మామను తీసేస్తాడనుకున్నాను. తీసేస్తే టిప్పర్లను ఆపి కడిగేవాడుండడు, తోట మళ్లీ మునుగుతుంది. తీయలేకపోయాడు.

ఇప్పుడు మామ చేను పచ్చగా పూత మీదుంది. కోపం మాత్రం తగ్గలేదు. మార్కండేయ కారు బయటికి పోయేటప్పుడల్లా గేటు దించి, నీళ్ల పైపు అతని చేతికే ఇస్తాడు.

"నువ్వు కడగవా?"

"నాది టిప్పర్లు కడిగే పని అన్నా."

కడిగితే గానీ గేటు లేవదు. మార్కండేయ వంగి కడుగుతాడు. మామ కుర్చీలో కూర్చుని బీడీ ముట్టించుకుంటాడు.

"ఎనక టైరు మిగిలిపోయింది, సూడు."