సీనియర్ మాటకు నేను కలిపింది

లా చదివొచ్చి భద్రాచలంలో ఒక వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. ఆఫీసంటే రెండు గదులు. ముందు గదిలో గుమస్తా, నేను, లోపల సీనియర్. నేను పాల్వంచ నుంచి బస్సులో వచ్చి ఆఫీసులో అడుగుపెట్టగానే గుమస్తా గోడ గడియారం వంక చూసేవాడు. నమస్తేకు జవాబుండేది కాదు. సీనియర్ నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏమ్మా కోయపిల్లా, ఇటు రా" అనేవాడు, క్లయింట్ల ముందే. నవ్వేవాళ్లు నవ్వేవారు. వాదించడానికి ఒక్క కేసూ ఇవ్వలేదు. అడవి ఊళ్లవాళ్లు వచ్చినప్పుడు మాత్రం నేను కావాలి. మా ఇంట్లో మాట్లాడేది కోయ. ఆయనకది రాదు.

ఒకనాడు పొద్దున్నే పోడు చేసుకునే ముసలామె వచ్చింది. అడవిలో చెట్లు కొట్టి చేను చేసిందని ఆమె మీద ఫారెస్టువాళ్లు పెట్టిన కేసు. మధ్యాహ్నం కోర్టు. సీనియర్ ఫోన్ చూసుకుంటూనే, "తప్పు ఒప్పుకొమ్మను. ఇయ్యాల్నే అయిపోతది. నాకు వేరే పనులున్నయ్" అన్నాడు.

ఆ మాట కోయలో చెప్పాను. "నేను కొట్టలేదు. మా అమ్మ దున్నిన చేనే నేనూ దున్నుతున్నా" అందామె. ఒప్పుకుంటే కోర్టు దోషి అని రాస్తుందనీ, రేపు ఆ భూమి నాదని అడగబోతే అదే అడ్డమొస్తుందనీ వివరించాను.

సీనియర్ తలెత్తాడు. "నేను చెప్పింది రెండు ముక్కలు. గింతసేపు ఏం చెప్పినవ్?"

"ఒప్పుకుంటే ఏమైతదో చెప్పిన సార్."

"నిన్నడిగిన్నా? వకీలు నువ్వా, నేనా?"

"ఇద్దరం వకీళ్లమే సార్."

కాగితాల కట్ట వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. "నడు బయటికి! ఈ ఊళ్లె నిన్నెవడు పెట్టుకుంటడో నేనూ చూస్త."

ఏమన్నాడని ముసలామె అడిగింది. అదీ చెప్పాను. ఆమె లేచి నా వెంటే బయటికొచ్చింది. "ఇకనుంచి నా తరఫున నువ్వే మాట్లాడు" అంది.

మధ్యాహ్నం కోర్టులో తప్పు ఒప్పుకుంటావా అని జడ్జి అడిగితే, వచ్చిన కాస్త తెలుగులో "కొట్టలే" అని తనే చెప్పింది. వాయిదా పడింది. కేసు నా చేతికి రావాలంటే సీనియర్ అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. రేపు, మాపు అంటూ తిప్పించుకున్నాడు. విసిగిపోయి ఒక పొద్దున ముసలామె ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. వచ్చిన క్లయింటల్లా ఆమెను దాటుకుని లోపలికి పోవాల్సి వచ్చింది. గుమస్తా "లేవే" అని గదిమినా కదలలేదు. సాయంత్రానికి సంతకం పెట్టిన కాగితం ఆమె ఒళ్లోకి విసిరేశారు.

సీనియర్ అన్నంత పనీ చేశాడు. ఏ ఆఫీసులోనూ నాకు చోటు దొరకలేదు. కోర్టు వరండాలో టేబుల్ వేసుకున్నాను. కేసు ఇంకా నడుస్తోంది. ఎదురుపడితే ఆయన పక్కవాళ్లకు వినపడేలా ఏదో ఒకటి అంటాడు. మొదట్లో తల దించుకుని వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు ఆగి, "ఏమన్నరు సార్? మళ్లోసారి అనుండ్రి" అంటాను.

అనడు.