అక్క పాస్‌పోర్టులో తల్లి పేరు

పాస్‌పోర్టు కావాలని చెబితే మా అక్క మొదట నమ్మలేదు.

"ఓడెక్కి నాలుగు రోజులు తిరిగి, మళ్ళీ ఎక్కిన చోటే దిగుతాం కదే. దానికి పాస్‌పోర్టెందుకు?" అంది.

మా చర్చి స్త్రీల సమాజం నుంచి తొమ్మిదిమందిమి, చెన్నైలో ఎక్కి శ్రీలంక చూసి వచ్చే ఓడ ప్రయాణానికి పేర్లిచ్చాం. నేను రాజమండ్రిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. గదికి ఇద్దరు చొప్పున సర్దుతుంటే నాకు జత లేకపోయింది. అక్కని రమ్మన్నాను. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. మొగల్తూరులో కొడుకు దగ్గర ఉంటుంది. బావగారు పోయి చాలాకాలమైంది. పెళ్ళికి ముందు నుంచీ లేసు అల్లడమే ఆమె పని. ఇప్పటికీ మానలేదు. సముద్రం ఆటోలో వెళ్ళేంత దూరంలోనే ఉన్నా, ఓడెక్కడం మాత్రం ఎన్నడూ ఎరగదు.

"నేనల్లిన లేసులు ఏయే దేశాలకో వెళ్ళాయి. నేను నర్సాపురం దాటిందే తక్కువ. వస్తాను," అంది చివరికి.

ట్రావెల్స్ ఆయన వాట్సాప్‌లో ఒక జాబితా పంపాడు. తిరిగొచ్చాక కూడా ఆరు నెలలు గడువు మిగిలుండే పాస్‌పోర్టు, శ్రీలంకవాళ్ళ ఆన్‌లైన్ అనుమతి, ప్రయాణ బీమా, తెల్ల గోడ ముందు తీసిన ఫోటోలు. ఓడ ఇంకో దేశపు రేవులో ఆగుతుంది కాబట్టి ఆధార్ కార్డు పనికిరాదని, అక్కడ ఒడ్డున దిగకుండా గదిలోనే కూర్చున్నా సరే పాస్‌పోర్టు ఉండాల్సిందేనని ఫోనులో వివరంగా చెప్పాడు.

"నెల ముందు అందరి పాస్‌పోర్టు నంబర్లూ ఇచ్చెయ్యాలండి. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదండి," అన్నాడు.

నాకు పాస్‌పోర్టు ముందే ఉంది, అక్కకే తీయించాలి. అప్పటికి ఆరు నెలల వ్యవధి ఉంది. ఎక్కువే అనుకున్నాను.

అక్క తన కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో తెచ్చి మంచం మీద కుమ్మరించింది. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఉంది, తేదీ లేదు. పాన్ కార్డులో జనవరి ఒకటి అని ఉంది. ఓటరు కార్డు ప్రకారం ఆమె నాకంటే రెండేళ్ళే పెద్ద. ఇంగ్లీషులో పేరు మూడు కార్డుల్లో మూడు రకాలు. ఒకదానిలో హెచ్ ఎక్కువ, ఒకదానిలో చివర అక్షరం తక్కువ, ఇంకోదానిలో పుట్టింటి ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే ఇవన్నీ ఎలాగో సర్దుకునేవి. అక్క ఏడో తరగతిలో బడి మానేసింది.

వాళ్ళ ఊరి సచివాలయంలో అమ్మాయి ఓపిగ్గానే చూసింది. "పుట్టిన తేదీకి గట్టి ఆధారం ఒకటి కావాలండి. ముందు బర్త్ సర్టిఫికెట్ సంపాదించండి. దాంతో ఆధార్ సరిచేద్దాం. ఆధార్ సరిగ్గా ఉంటే పాస్‌పోర్టుకి ఇబ్బందుండదు," అంది. పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు కాబట్టి, నమోదు కాలేదని ముందు ఒక సర్టిఫికెట్. దాన్ని జతచేసి, ఇప్పుడైనా నమోదు చేయమని పై ఆఫీసులో అర్జీ. ఆ తర్వాత విచారణ. ఇదంతా ఆ అమ్మాయి ఒక చీటీ మీద వరసగా రాసిచ్చింది. ఆ చీటీ పట్టుకుని రెండు నెలలు తిరిగాను.

పొద్దున్నే రాజమండ్రిలో బస్సెక్కడం, పాలకొల్లులో మారడం, నర్సాపురంలో అక్కని కలుసుకోవడం, ఆఫీసు వరండాలో కూర్చోవడం. ఒకరోజు సంతకం పెట్టాల్సినాయన మీటింగుకి వెళ్ళారు. ఒకరోజు నెట్ రాలేదు. ఒకరోజు అన్నీ బాగానే ఉన్నాయి గానీ అక్క వేలిముద్ర పడలేదు. పది వేళ్ళూ ఒక్కొక్కటిగా మిషను మీద పెట్టించారు. చెయ్యి కడుక్కు రమ్మన్నారు. కొబ్బరినూనె రాశారు, తుడిచారు. దారం లాగి లాగి ఆ వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి. అక్క తప్పు చేసినదానిలా తన చేతుల వంక చూసుకుంది.

"పోనీలేవే, మీరు వెళ్ళిరండి. నేను రాను," అంది బయటికొచ్చాక.

మోకాళ్ళ నొప్పితో నాకు మాట్లాడే ఓపిక కూడా లేదు. "ఇంత తిరిగాక ఇప్పుడా ఆ మాట?" అని కసిరాను. తర్వాతి వారం వేలిముద్రకి బదులు కంటిపాప ఫోటో తీసుకుంటే పని జరిగింది.

అర్జీకి బాప్తిస్మం రికార్డు జతచేస్తే బలంగా ఉంటుందన్నారు. నాన్న మిషను బడిలో టీచరుగా పనిచేసిన ఊరు మొగల్తూరుకి దగ్గరే. ఆ ఊరి లూథరన్ చర్చిలో అక్కకి బాప్తిస్మం ఇచ్చారని తెలుసు. ఇద్దరం వెళ్ళాం. అక్కడి పాస్టరుగారు మా పిల్లల వయసువారు. బీరువా అడుగు నుంచి పాత రిజిస్టర్లు తీసి, దుమ్ము దులిపి, మాకు టీ తెప్పించి, తనే ఒక్కో పేజీ తిప్పుతూ వెతికారు. అంచులు చెదలు తిన్నా, సిరారాత మాత్రం బాగానే ఉంది.

"ఇదిగోండి. నాన్నగారి పేరు సరిపోయింది. ఆగస్టు నెలలో పుట్టారు. చూడండి," అని రిజిస్టరు నా వైపు తిప్పారు. అక్క కళ్ళజోడు తెచ్చుకోలేదు. నేనే చదవాలి.

బిడ్డ పేరు. పుట్టిన తేదీ. తండ్రి పేరు. తల్లి పేరు దగ్గర ఆగిపోయాను. అది మా అమ్మ పేరు కాదు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. దాని పక్కన చిన్న అక్షరాలతో 'ప్రభువునందు నిద్రించినది' అని రాసి ఉంది.

"తల్లిగారి పేరు కూడా సరిగ్గానే ఉందా అండి?" పాస్టరుగారు అడిగారు.

"లేదండీ. రాయడంలో పొరపాటు పడ్డారు. ఇంకెవరిదో రాసేశారు," అన్నాను.

"పొరపాటు కాదు," అంది అక్క. కళ్ళజోడు లేకుండానే, ఆ పేజీ వంక చూడకుండానే, ఆ పేరు పలికింది. "అదేనా?"

పాస్టరుగారు నా ముఖమూ ఆమె ముఖమూ చూసి, నకలు రాసిస్తానని లేచి బల్ల దగ్గరికి వెళ్ళారు. టీ చల్లారిపోయింది. ఎవరం తాగలేదు.

బస్సు కోసం రోడ్డు మీద అరుగున కూర్చున్నాం. ఎండ మండిపోతోంది. రొయ్యల చెరువుల మీంచి వేడిగాలి కొడుతోంది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"పన్నెండేళ్ళప్పట్నుంచి. మేనత్త ఏదో కోపంలో అనేసింది. నన్ను కని పదకొండు రోజులకి పోయిందంట ఆవిడ. తర్వాత ఐదేళ్ళకి నాన్న అమ్మని చేసుకున్నారు."

"అమ్మకి తెలుసా, నీకు తెలుసని?"

"తెలుసు. నేనే అడిగాను. వంటింట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరేమన్నా నువ్వు నా పెద్దకూతురివి అంది. చెల్లికి మాత్రం చెప్పకే అంది. చెప్పలేదు."

మా ఇంట్లో నా పుట్టినరోజుకి కొత్త గౌను కుట్టించేవారు. అక్క పుట్టినరోజు ఎప్పుడూ చేసేవారు కాదు. తేదీ గుర్తు లేదనేవారు నాన్న. తేదీలతో సహా పాఠాలు చెప్పే మనిషికి కూతురి తేదీ ఎలా మరుపొచ్చిందని నేను ఒక్కసారీ అడగలేదు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకి వెళ్ళినప్పుడు, నానమ్మ సమాధి పక్కన పేరు లేని చిన్న గట్టు మీద కూడా నాన్న ఒక కొవ్వొత్తి పెట్టేవారు. ఎవరిదంటే బంధువులదనేవారు. అక్క అక్కడ నిలబడేది. నేను చలికి వణుకుతూ ఇంటికి పోదామని గోల చేసేదాన్ని.

"నువ్వు బడి మానేసింది కూడా పన్నెండేళ్ళప్పుడేగా?" అన్నాను.

అక్క నా వైపు తిరిగింది. "ఏంటే, నీ ఉద్దేశం?"

నేను నకలు కాగితం మడిచి సంచిలో పెట్టాను.

"అమ్మకి కాన్పు కష్టమై బిడ్డ పోయాడు. ఆరు నెలలు మంచంలో ఉంది. నీకు ఆరేళ్ళు. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. నేను ఉన్నాను. సొంతకూతురైతే అమ్మ మాన్పించేదా అనే కదా నువ్వడిగేది? నేనూ చాలా ఏళ్ళు నన్ను నేనే అడిగాను ఆ మాట. ఎప్పుడడిగినా ఒకలా అనిపించేది కాదు. ఇంక విసుగొచ్చి మానేశాను."

బస్సొచ్చింది. ఖాళీ లేదు. నిలబడే నర్సాపురం దాకా వెళ్ళాం.

అర్జీలోనూ, తర్వాత పాస్‌పోర్టు దరఖాస్తులోనూ తల్లి పేరుకి ఒక గడి ఉంది. దాని దగ్గర మళ్ళీ ఆగాం. పెంచిన తల్లి అని అఫిడవిట్ ఏదైనా ఇస్తే అమ్మ పేరే రాయొచ్చేమో కనుక్కుంటానన్నాను.

"వద్దు," అంది అక్క. "ఆవిడ పేరు ఆ పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. రాయి."

"మరి అమ్మ?"

"అమ్మ పేరు నీ పాస్‌పోర్టులో ఉంది కదే."

నాకది చాలదనిపించింది. ఈమెకి జ్వరమొస్తే తెల్లార్లూ తడిగుడ్డ వేసింది అమ్మ. ఈమె పెళ్ళికి తన గొలుసు తీసి వేసింది అమ్మ. పోయేముందు ఈమె ఒళ్ళోనే తల పెట్టుకుంది. అక్క మీద కోపం వచ్చింది, అమ్మ తరఫున. ఆ కోపం ఎంత తప్పో తెలిసి కూడా రెండు రోజులు ఫోన్ చేయలేదు. మూడో రోజు ఆమె చెప్పిన పేరే రాసి అర్జీ పంపాను.

బర్త్ సర్టిఫికెట్ వచ్చింది. ఆధార్ మారింది. పాస్‌పోర్టు ఆఫీసులో ఒక పూటంతా టోకెన్లు పట్టుకుని మూడు కౌంటర్లు తిరిగాం. తర్వాత పోలీసు విచారణకి ఒక కానిస్టేబులు అక్క ఇంటికొచ్చాడు. నేను కూడా ఉన్నానారోజు.

"గల్ఫ్‌కి వెళ్తున్నారా అమ్మా? ఏజెంటెవరండి?" అని అడిగాడు. ఆ చుట్టుపక్కల నుంచి వంటపనికని వెళ్ళి ఇరుక్కున్న ఆడవాళ్ళని చూసినవాడు. అడగడంలో తప్పులేదు.

"ఈ వయసులో నాకెవరు పనిస్తారు బాబూ? ఓడెక్కి చూసొద్దామని," అంది అక్క.

"చూడ్డానికా అండి?" అని ఆమెని, ఆమె ఒళ్ళో ఉన్న అల్లికని కాసేపు చూశాడు. "ఆయ్, వెళ్ళిరండమ్మా," అని పక్కింటివాళ్ళ చేత సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

ట్రావెల్స్ ఆయన పెట్టిన గడువుకి తొమ్మిది రోజుల ముందు పాస్‌పోర్టు పోస్టులో వచ్చింది. అక్క ఫోన్ చేసి, "వచ్చిందే. ఫోటోలో ముసలిదానిలా ఉన్నాను," అంది. నేను మంచం మీద వెల్లకిలా పడుకుని విన్నాను. సంతోషపడే ఓపిక కూడా లేదు.

చెన్నై రేవులో సామాన్ల వరస, టిక్కెట్ల వరస, ఇమ్మిగ్రేషన్ వరస. అక్క పాస్‌పోర్టుని అక్కడి ఆఫీసరు ఒక నిమిషం కూడా చూడలేదు. ముద్ర వేసి ఇచ్చేశారు. ఓడ ఎక్కగానే అందరి పాస్‌పోర్టులూ తీసుకుని, బదులుగా ఒక ప్లాస్టిక్ కార్డు చేతిలో పెట్టారు. అది అక్కకి నచ్చలేదు. "అన్ని నెలలు తిరిగి తెచ్చుకున్నది వీళ్ళకిచ్చెయ్యడమేంటి?" అంది. రోజూ టిఫిన్ కాగానే కింద కౌంటరు దగ్గరికెళ్ళి, "మావి జాగర్తగా ఉన్నాయా అండి?" అని తెలుగులోనే అడిగొచ్చేది. అక్కడి పిల్ల ఏదో అర్థం చేసుకుని నవ్వి తలూపేది.

మొదటిరోజంతా ఇద్దరికీ వాంతులే. గదిలో మాత్రలు మింగి పడుకున్నాం. పైన పాటలు, ఆటలు జరుగుతున్నట్టు సమాజంలో మిగతావాళ్ళు వచ్చి చెప్పిపోయేవారు. శ్రీలంకలో ట్రింకోమలీ రేవులో నాలుగు గంటలు ఆగింది ఓడ. అందరూ కొండ మీద కోట చూడ్డానికి బస్సెక్కారు. మేము ఒడ్డున చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాం. అక్క ఒక కొబ్బరిబోండం తాగి, నీళ్ళు మనవాటంత తియ్యగా లేవంది.

తిరుగు ప్రయాణంలో, మూడో రోజు మధ్యాహ్నం డెక్ మీద నీడలో కుర్చీలేసుకుని ఉన్నాం. అడగకుండానే అక్క చెప్పింది. ఆ తల్లి గురించి ఆమెకి తెలిసినవి రెండే విషయాలు. చర్చిలో కీర్తనలు గట్టిగా పాడేదట. చాలా వేగంగా నడిచేదట, చెప్పులు చేత్తో పట్టుకుని. "అంతే. ఇంకేం తెలీదు. తెలిసినవాళ్ళెవరూ లేరు," అంది. నేను ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాను. మా ఇంట్లో అలాంటి అలవాటు లేదు. ఊరుకున్నాను. కాసేపటికి ఆమె కూర్చున్నచోటే నిద్రపోయింది.

రైల్లో తాడేపల్లిగూడెంలో అక్క దిగిపోయింది. కొడుకు వచ్చి తీసుకెళ్ళాడు. నేను రాజమండ్రి చేరి, బ్యాగు విప్పకుండా గుమ్మం పక్కన పెట్టాను. రెండు రోజులు అలాగే ఉంది. మూడో రోజు పొద్దున అక్క ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నావే?"

"పడుకున్నాను. నువ్వు?"

"గుండ్రటి టేబుల్ గుడ్డ ఒకటి మొదలెట్టాను. కళ్ళు తిరుగుడు ఇంకా తగ్గలేదు."

"డాక్టరుకి చూపించుకో అక్కా."

"అలాగేలే. పడుకో నువ్వు," అంది. ఫోను పక్కన పెట్టి మళ్ళీ పడుకున్నాను.