మూడు నెలల సెలవు

ఎనభైల చివర్లో మిర్యాలగూడలో మా రైతుల పరపతి సంఘానికి నేను కార్యదర్శిని. పన్నెండేళ్లుగా సెలవు ముఖం చూడలేదని పాలకవర్గం నాకు జీతంతో మూడు నెలల సెలవిచ్చింది. "జర తిరిగి రా, నాలుగు సంఘాలు సూసి రా" అన్నారు అధ్యక్షులు.

మా దగ్గర ఉద్యోగిని ఇంట్లో కూర్చోబెట్టారంటే ఒకటే అర్థం, సస్పెండ్ చేశారని. రెండో రోజుకే ఇరుగుపొరుగు పరామర్శకు వచ్చారు. ఒకాయన అరటిపండ్లు కూడా తెచ్చాడు! వాళ్లు వెళ్లాక నా భార్య తలుపు దగ్గరికేసి, "ఏం జేసిన్రో నాకన్న చెప్పున్రి" అంది. ఒళ్లు మండిపోయింది.

కోపం చల్లారాక ఇంకో ఆరాటం పట్టుకుంది. నేను లేని లోటు సభ్యులకు తెలుస్తోందా? వాళ్లంతా నా మనుషులనే నమ్మకం మీదే అన్నేళ్లు పనిచేశాను. అది నిజమేనా? మా ఊళ్లో అడిగితే మొహమాటానికి ఏదో చెబుతారు. అందుకే పరాయి ఊళ్ల సంఘాల్లో సభ్యుల బెంచీ మీద కూర్చుని, కార్యదర్శుల గురించి ఏమనుకుంటారో వినాలనుకున్నాను.

సూర్యాపేటలో ఎవరూ నోరు విప్పలేదు. ఇస్త్రీ చొక్కాతో వెళ్లడం నా తెలివితక్కువ. కోదాడకు నలిగిన చొక్కా, రబ్బరు చెప్పులతో వెళ్లాను.

అక్కడ పక్కన కూర్చున్న ముసలాయన గొర్లు కాసేవాడు. చనువుగా నాకో బీడీ ఇచ్చాడు. సొంతూరు వేములపల్లి అట, కూతురి దగ్గర ఉంటున్నాడట. తొమ్మిదేళ్లు మా సంఘానికే వచ్చాడట! నేనాయన్ని ఎరగను, ఆయనా నన్ను గుర్తుపట్టలేదు.

"గాడ సారు ఎట్లుంటడు?" అన్నాను.

"ఎట్లుంటడో ఎవరికెరుక? చెక్క అడ్డానికి చిన్న కిటికీ. అండ్లకెల్లి చెయ్యే కనపడేది. ఎడమచేతి సారు అనేటోళ్లం. చెయ్యి జాపితే కాయితమియ్యాలె, ఊపితే ఇంటికి పోవాలె."

ఆయన తన దరఖాస్తు నా ఒళ్లో పెట్టి, "జర నింపు తమ్మీ" అన్నాడు. ఏ ఆలోచనా లేకుండా కలం తీసి రాయడం మొదలుపెట్టాను.

తలెత్తేసరికి ఆయన నా చేతినే చూస్తున్నాడు. బీడీ ఆర్పేసి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"కూర్చో పెద్దాయనా" అని చెయ్యి పట్టుకుని లాగాను.

"పర్వలేదు సారూ" అన్నాడు. కాగితం నింపడం అయ్యేదాకా కూర్చోలేదు.