మూడు దెబ్బలు

మోటార్ల మేస్త్రీ ఏ మోటారు విప్పబోయినా ముందు స్క్రూడ్రైవర్ తిరగేసి, పిడితో దాని నెత్తిన మూడుసార్లు కొడతాడు. కళ్లు మూసుకుని, లోపలినుంచి ఎవరో పలుకుతున్నట్టు చెవి ఒగ్గి వింటాడు. "అడగందే ఏదీ చెప్పదు" అంటాడు. ముప్పై ఏళ్లలో పదిమందికి పని నేర్పాడు. పదిమందీ మూడు కొట్టాకే విప్పుతారు. తన విద్య తనతో పోకూడదని ఈమధ్య కూతురి చేత కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు. "మొట్టమొదట మూడు దెబ్బలు" అని ఆ అమ్మాయి రాసింది.

ఆ ఉదయం ఆయన గురువు, పండుముసలి, ఇంట్లో ఫ్యాను మోటారు చంకన పెట్టుకుని వచ్చాడు. మేస్త్రీ భక్తిగా మూడు కొట్టాడు.

"నీ పిడి కూడా ఊడొస్తోందేంట్రా?" అన్నాడు పెద్దాయన.

"పిడేంటి గురువుగారూ? ఇది మీరు నేర్పిందేగా!"

"నేనా? నా స్క్రూడ్రైవర్ ఎప్పుడూ లూజేగా. పిడి బిగుసుకోడానికి కొట్టుకునేవాణ్ణి."

మేస్త్రీ మొహాన నెత్తుటి చుక్క లేదు. కూతురు నవ్వాపుకుంటూ, "ఆ ముక్క తీసేయనా నాన్నా?" అంది.

"ఆగమ్మా," అన్నాడు చేతిలో స్క్రూడ్రైవర్‌ని ఎన్నడూ చూడనట్టు చూస్తూ. "మిగతావాటిలో ఇలాంటివెన్నో ముందు తేలనీ. గురువుగారూ, మీరు కూర్చోండి. నువ్వు మొదటి పేజీ నుంచి చదువు."